శోధనను ఎదిరించడం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత క్రైస్తవ జీవనంలో

శోధన అంటే క్రైస్తవుల వాడుకలో మనిషిని తప్పుదారికి లాగే ఆకర్షణ, అతని విశ్వాసానికి ఎదురయ్యే పరీక్ష. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లోనూ వాటి చుట్టూ ఉన్న పల్లెల్లోనూ లూథరన్, బాప్టిస్టు, రక్షణ సైన్యం, కతోలిక, బైబిలు మిషను, స్వతంత్ర సంఘాల వారందరికీ ఇది నిత్యం నోట నలిగే మాట. తాగుడు, పేకాట, అక్రమ సంబంధం, అప్పు చేసి గొప్పలకు పోవడం, కోపం, అబద్ధం, అన్నీ ఈ మాట కిందికే వస్తాయి. ఈ ప్రాంత సంఘాల చరిత్రను వరసగా చూస్తే, శోధనను ఎదిరించడం ఒక్కొక్కరి మనోనిబ్బరానికి వదిలేసిన పనిగా ఇక్కడ ఎన్నడూ లేదని తెలుస్తుంది. పదిమంది కలిసి ఒకరిని నిలబెట్టుకున్నారు. తోడు నిలవాల్సినవారు కాపలాదారులైన చోట మాత్రం ఆ ప్రయత్నం వంకర తిరిగింది. దానికి బాపట్ల పక్కనే ఉన్న స్టూవర్టుపురం సాక్ష్యం.

వాక్యంలో శోధన

మూలకథ మత్తయి, లూకా సువార్తల 4వ అధ్యాయాల్లో ఉంది. బాప్తిస్మం పొందిన తర్వాత యేసు అరణ్యంలో 40 దినాలు ఉపవాసం ఉన్నాడు. ఆకలితో ఉన్న వేళ సాతాను మూడు ఎరలు వేశాడు. రాళ్లను రొట్టెలుగా మార్చుకోమన్నాడు, దేవాలయ శిఖరం మీంచి దూకి దేవుడు కాపాడతాడో లేదో చూడమన్నాడు, తనకు మొక్కితే లోక రాజ్యాలన్నీ ఇచ్చేస్తానన్నాడు. చివరి రెండింటి వరస లూకాలో తారుమారుగా ఉంటుంది. మూడింటికీ యేసు ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే బదులిచ్చాడు. సండేస్కూల్లో పిల్లలచేత బంగారు వాక్యాలు కంఠతా పట్టించే అలవాటుకు ఆధారం ఇక్కడే ఉంది. ఎర ఎదుట పడ్డాక గ్రంథం తెరిచే వ్యవధి ఉండదు, నోటికి వచ్చినదే ఆదుకుంటుంది.

శోధన రావడం వేరు, పడిపోవడం వేరు. యేసు కూడా మనలాగే శోధింపబడ్డాడని, అయినా పాపం చేయలేదని హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం చెబుతుంది. కొత్తగా తాగుడు మానిన మనిషికి ఇది గొప్ప ఊరట. దుకాణం ముందు నుంచి వెళ్తుంటే నోరూరినంత మాత్రాన తన మారుమనస్సు బూటకమైపోలేదని అతను తెలుసుకోవాలి. లేకపోతే ‘ఎలాగూ చెడ్డాను కదా’ అనుకుని లోపలికి నడుస్తాడు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం కోరిక ముదిరి పాపంగా, పాపం పండి నాశనంగా మారే క్రమాన్ని చూపిస్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం, ప్రతి శోధనతో పాటు తప్పించుకునే దారి కూడా ఉంటుందని ధైర్యం చెబుతుంది.

ఆ దారి ఒక్క తీరుగా ఉండదు. అపవాదిని ఎదిరించమన్నాడు యాకోబు. యౌవనపు కోరికల నుంచి పారిపొమ్మని తిమోతికి రాశాడు పౌలు. ఆదికాండం 39వ అధ్యాయంలో పోతీఫరు భార్య పట్టుకుంటే యోసేపు వాదనకు దిగలేదు, పైవస్త్రం ఆమె చేతిలోనే వదిలేసి బయటికి పరుగెత్తాడు. అందుకే అనుభవం ఉన్న పాస్టర్లు రెండు రకాల సలహా ఇస్తారు. లంచం ఇవ్వమని, దొంగసాక్ష్యం చెప్పమని ఒత్తిడి వస్తే నిలబడి ‘కుదరదు’ అనాలి. మందు, వ్యామోహం, జూదం ఎదురైతే అక్కడ నిలబడనే కూడదు.

లూథరన్ సంఘాల్లో నిర్ధారణకు (కన్ఫర్మేషన్‌కు) తయారయ్యే పిల్లలు మార్టిన్ లూథరు 1529లో వెలువరించిన చిన్న క్యాటకిజం చదువుతారు. ప్రభువు ప్రార్థనలో శోధన గురించిన మనవిని వివరిస్తూ లూథరు ముగ్గురు శత్రువులను చెప్పాడు: అపవాది, లోకం, మన శరీర స్వభావం. ఈ మూడింటిలో లోకం సంగతే ఇక్కడి సంఘాల చరిత్రలో ఎక్కువ కనిపిస్తుంది. ఊరి కట్టుబాటు, కూలి, ఆకలి, కులం, అన్నీ అందులోనివే.

సంఘాల నేపథ్యం

అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆ మిషను విస్తరించి తెనాలి, రేపల్లె తాలూకాల్లో పల్లెపల్లెకూ బడినీ ప్రార్థన మందిరాన్నీ తెచ్చింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. బాపట్ల వైపు ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసింది. ఆ మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇంగ్లండులో పుట్టిన రక్షణ సైన్యాన్ని 1882లో భారతదేశానికి తెచ్చినవాడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్. సివిల్ సర్వీసు ఉద్యోగం వదిలేసి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. ముంగమూరి దేవదాసు 1938లో స్థాపించిన బైబిలు మిషను పూర్తిగా తెలుగు గడ్డమీద పుట్టింది. గుంటూరు దగ్గరి కాకాని దాని ముఖ్యకేంద్రం, ఏటా జనవరి చివర జరిగే మహాసభలకు ఈ మూడు పట్టణాల నుంచీ కుటుంబాలు తరలివెళ్తాయి. గుంటూరు కతోలిక మేత్రాసనం 1940లో ఏర్పడింది. హైదరాబాదులోని హెబ్రోను కేంద్రం నుంచి సువార్తికుడు భక్తసింగ్ నడిపిన సహవాసాల ప్రభావం కూడా ఇక్కడి స్వతంత్ర సంఘాల మీద బలంగా ఉంది.

మొదటి తరం కట్టుబాట్లు

ఒంగోలు మిషనులో చేరిన మాదిగ కుటుంబాలకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈనాటి చదువరికి ఇవి మామూలు నియమాల్లా అనిపిస్తాయి. ఆనాటి పల్లెలో ఒక్కోదానికీ పెద్ద మూల్యం చెల్లించాల్సి వచ్చేది.

ఊరి గొడ్డు చస్తే దాన్ని లాక్కుపోయి, తోలు తీసి, చెప్పులూ కపిల బానలూ కుట్టివ్వడం మాదిగవాడ వంతు. ఆ మాంసం వారి హక్కు కింద లెక్క. కరువు రోజుల్లో పిల్లల కడుపు నింపేది కూడా అదే. దాన్ని కాదనడమంటే ఇంటిల్లిపాదీ పస్తు పడుకోవడానికి సిద్ధపడటం. ఆదివారం పనికి రామంటే కోతల కాలంలో ఆసామి ఊరుకునేవాడు కాదు, మర్నాటి కూలి కూడా పోయేది. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టమంటే కరణం, మునసబుల దగ్గర్నుంచి కబురొచ్చేది. బావి నీళ్లు ఆపడం, దొంగకేసులు బనాయించడం జరిగేవి. ‘ఈ ఒక్కసారికి వెళ్లి కొట్టేసి వద్దాం’ అనుకోవడమే ఆనాటి శోధన. ఒక్క ఇల్లే అయితే తట్టుకోగలిగేది కాదు. వాడంతా కలిసి నిర్ణయం తీసుకుంది కనక, పెద్దమాదిగతో సహా అందరూ ఒక్క మాట మీద ఉన్నారు కనక నిలవగలిగారు. కుటుంబాలు గుంపులుగా బాప్తిస్మం పొందడాన్ని తక్కువచేసి రాసేవారున్నారు. విశ్వాసం వ్యక్తిగతం కావాలి కదా అంటారు. ఆ వాడల్లో ఒంటరి విశ్వాసి మూడు నెలలు కూడా నిలవలేడన్న నిజం వారు గమనించాలి.

మిషను బడుల్లో చదివి ఊరూరా తిరిగిన బైబిలు స్త్రీలను కూడా ఇక్కడ తలచుకోవాలి. వాళ్లు గడపగడపకూ వెళ్లి కథ చెప్పేవారు, అక్షరం నేర్పేవారు. ఇంట్లో మగవాడి తాగుడూ దెబ్బలూ వారి చెవిన పడినంతగా ఏ మిషనరీ చెవినా పడలేదు.

స్టూవర్టుపురం

బాపట్ల మండలంలో, విజయవాడ–చెన్నై రైలుమార్గం మీద ఉన్న స్టూవర్టుపురం 1913లో ఏర్పడిన సెటిల్‌మెంటు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని కింద ఎరుకల కుటుంబాలను ఇక్కడికి తెచ్చి, నిర్వహణను రక్షణ సైన్యానికి అప్పగించారు. నేరం చేసినవారినే కాదు, ఆ కులంలో పుట్టినవారందరినీ నేరస్థులుగా రాసుకున్న చట్టం అది. వేలిముద్రలు, హాజరు పిలుపు, ఊరు దాటాలంటే చీటీ, అన్నీ ఉండేవి.

రక్షణ సైన్యానికి శోధనతో పోరాడే పద్ధతి ముందునుంచీ ఉంది. సభ్యుడు కాదలచినవాడు జెండా కింద నిలబడి, సభ ఎదుట ఒడంబడిక మీద సంతకం చేయాలి. మద్యం, మత్తుమందుల వంటివాటి జోలికి పోనని అందులో మాట ఇవ్వాలి. ఆరాధన మందిరంలో వేదిక ముందు ఒక బల్ల ఉంటుంది. తప్పు చేశాననుకున్నవాడు ఎవరూ పిలవకుండానే లేచి వెళ్లి అక్కడ మోకాళ్లూనుతాడు, పక్కన మరొకరు వచ్చి మోకరించి ప్రార్థిస్తారు. లండను పేటల్లో తాగుబోతులను లేవనెత్తింది ఈ పద్ధతే. అక్కడ ఆ ఒడంబడిక మనిషి తనంతట తాను చేసుకున్నది. స్టూవర్టుపురంలో అదే మతం, అదే యూనిఫారం సర్కారు చట్టం చాటున వచ్చాయి. ప్రార్థన చేయించే అధికారే చీటీ ఇచ్చే అధికారి కూడా. అలాంటిచోట మోకరించిన మనిషిది పశ్చాత్తాపమో భయమో అతనికైనా తెలిసి ఉండేదా?

బూత్ టక్కర్ ఈ సెటిల్‌మెంట్ల గురించి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పుస్తకమే రాశాడు. నేరాన్ని నయం చేయదగిన జబ్బుగా చూడాలన్నది ఆయన వాదన. ఉరి, జైలు తప్ప మరొకటి ఆలోచించని కాలంలో ఇది దయగల మాటే. బడులు పెట్టారు, భూమి సాగు చేయించారు, వైద్యం చేశారు. ఆ బడుల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి, వారి కృతజ్ఞత నిజమైనది. అయితే జబ్బు ఎక్కడ పుట్టిందో ఆ పుస్తకం సరిగా వెతకలేదు. ఎరుకలవారు ఎడ్లమీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు వర్తకం చేసి బతికినవారు. రైళ్లు, ఉప్పు మీద సర్కారు విధానాలు ఆ వర్తకాన్ని చంపేశాయి, 1876–78 కరువు మిగిలినదాన్ని ఊడ్చేసింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’లో ఇదంతా వివరంగా రాశారు. స్టూవర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలుగా ఎలా పనికొచ్చారో కూడా అందులో ఉంది. పొగాకు వద్దని బోధించే సైన్యం, తన అదుపులో ఉన్నవారిని పొగాకు పనికి పంపింది.

సామెతల గ్రంథం 30వ అధ్యాయంలో ఆగూరు ప్రార్థన ఒకటుంది. పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత తిండి చాలంటాడు. కడుపు నిండితే దేవుణ్ణి మరిచిపోతానేమో, లేమిలో దొంగతనానికి దిగుతానేమో అని అతని భయం. శోధనకు తిండితో ఉన్న సంబంధాన్ని బైబిలే అంత తేటగా చెప్పింది. బతుకుతెరువు తీసేసినవాడిని వదిలి, దొంగిలించినవాడి మనసును మాత్రమే దిద్దబోతే ఆ బోధ సగంలోనే ఆగిపోతుంది.

చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, ఆయన భార్య హేమలత స్టూవర్టుపురంలో సంస్కరణ పని చేపట్టారు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. దేవుణ్ణి నమ్మని ఈ దంపతులు ఆ ఇళ్ల మధ్య తిరిగి, పోలీసులకూ వారికీ నడుమ నిలిచి, నేరం మానినవారికి పనీ గౌరవమూ దొరికేలా పాటుపడ్డారు. పక్కన నిలబడే మనిషి ఉంటే మార్పు నిలుస్తుందని వారి పని కూడా చూపింది. సువార్త చెప్పేవారు దీన్ని చిన్నతనంగా అనుకోనక్కర్లేదు, నేర్చుకోవచ్చు. సినిమాలు మాత్రం ఇప్పటికీ ఆ ఊరి పేరును దొంగతనంతోనే ముడిపెడుతున్నాయి. అక్కడి పిల్లలు ఉద్యోగానికి వెళ్లి ఊరి పేరు చెప్పడానికి ఇంకా సంకోచించాల్సి రావడం మనందరి తప్పు.

నిత్యజీవితంలో సాధనాలు

శోధనను ఎదిరించడానికి ఇక్కడి సంఘాలు వాడే సాధనాలు చాలావరకు ఇంటిచుట్టూ తిరుగుతాయి. రాత్రి భోజనానికి ముందో తర్వాతో కుటుంబ ప్రార్థన, వారానికోసారి ఎవరో ఒకరి ఇంట కాటేజ్ ప్రేయర్, శుక్రవారం ఉపవాస కూడిక, యవనస్థుల కూడిక, స్త్రీల సమాజం, వేసవిలో పిల్లలకు వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి). కొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు ఏడాది పొడుగునా గోడమీద ఉంటుంది.

కాటేజ్ ప్రేయర్‌ను దగ్గరగా చూస్తే దాని బలం తెలుస్తుంది. ఇంటి ముందు చాపలు, పట్టాలు పరుస్తారు. కంజీర, తబలా, చేతి మైకు ఉంటాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి రెండు పాటలయ్యాక సాక్ష్యాలు మొదలవుతాయి. పోయిన వారం కూలి డబ్బు మొత్తం ఇంటికే తెచ్చానని ఒకరు, కోడలి మీద నోరు పారేసుకున్నానని మరొకరు చెబుతారు. చెప్పినమాట విన్నవాళ్లంతా ఇరుగుపొరుగే. రేపు సాయంత్రం దుకాణం దగ్గర కనిపిస్తే వాళ్లలో ఒకరు ‘ఏం బాబాయ్, ఇటొచ్చావ్? పద, ఇంటికి పోదాం’ అని చెయ్యి పట్టుకుంటారు. పాస్టరు అయ్యగారు చెప్పే సలహాలూ ఇలాగే నేలమీద ఉంటాయి. కూలి చేతికందగానే ఇంటావిడకు ఇచ్చెయ్యి, దుకాణం లేని దారిన కాలవకట్ట మీదుగా నడువు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఒంటరిగా ఉండకు.

పస్కా ముందు వచ్చే 40 దినాల శ్రమల కాలం ఇందుకు ప్రత్యేకమైనది. కతోలికులు విభూది బుధవారంతో తపస్సు కాలం మొదలుపెడతారు, పాపసంకీర్తనం చేస్తారు. లూథరన్లూ కతోలికులూ ఆ కాలపు మొదటి ఆదివారం అరణ్య శోధన కథే చదువుతారు. మాంసం, సినిమా, సిగరెట్ మానేవారు ఎందరో ఉంటారు. ఈస్టరు తర్వాత తిరిగి మొదలుపెట్టేవారూ ఉంటారు. అయినా నలభై రోజులు మానగలిగానన్న అనుభవం మనిషికి మిగులుతుంది.

ప్రభు బల్ల దగ్గరికి వచ్చేముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలని పౌలు ఆదేశించాడు. దాన్ని ఆధారం చేసుకుని, బాహాటంగా తప్పు చేసినవారిని సంఘ పెద్దలు కొంతకాలం బల్లకు దూరంగా ఉంచుతారు. ఈ క్రమశిక్షణలో పక్షపాతం ఉంది. తాగి రోడ్డుమీద పడిన కూలివాడు బల్లకు దూరమవుతాడు. లక్షల కట్నం తీసుకుని చర్చిలోనే ఘనంగా పెళ్లి చేసిన కుటుంబం ముందు వరసలో కూర్చుంటుంది. 1961 నుంచి కట్నం చట్టరీత్యా నేరం, దురాశ పదో ఆజ్ఞ ప్రకారం పాపం. పల్లెకో కులానికో సంబంధాలు పరిమితం చేసుకోవడాన్ని కూడా శోధనగా ఎవరూ ప్రసంగించరు.

నేటి శోధనలు

తాగుడు పాత శత్రువు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పోరాటంతో 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. 2024 అక్టోబరులో ప్రైవేటు మద్యం దుకాణాలు తిరిగి తెరిచారు, 180 మిల్లీలీటర్ల సీసాను ₹99కి అమ్మడం అప్పుడే మొదలైంది. రోజుకూలి చేసే మనిషికి ఇంత అందుబాటులో ఉన్నదాన్ని ప్రసంగం ఒక్కటే ఆపలేదు.

కొత్త శత్రువు జేబులో ఉంటుంది. సంక్రాంతి బరుల దగ్గర పందెం కాసేవాడు నలుగురి కంట పడతాడు. ఫోనులో రమ్మీ ఆడేవాడు ఆరాధన జరుగుతుండగానే ఆడగలడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగదారుల్లో బెట్టింగు సాగుతూనే ఉంది, దాని వెనకే అప్పుల యాప్‌లు వస్తున్నాయి. అశ్లీల చిత్రాల సంగతీ ఇంతే. పదిమంది చూపు కాపాడే పాత పద్ధతి ఇక్కడ పనిచేయదు. యవనస్థులు సిగ్గుపడకుండా నోరు విప్పగలిగే ఒక పెద్ద మనిషి, తిట్టకుండా వినే అన్న, ప్రతి సంఘంలో కావాలి. చాలా సంఘాల్లో ఆ చోటు ఖాళీగా ఉంది.

వైద్యం, ప్రార్థన

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. దీన్ని దయ్యం పట్టిందని పొరబడి ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ప్రార్థనకే పరిమితం చేయడం ప్రమాదకరం. గుంటూరులో లూథరన్ మిషను వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 19వ శతాబ్ది చివర ఆసుపత్రి కట్టించింది ఇదే క్రైస్తవ విశ్వాసంతో. ప్రార్థనకూ మందుకూ వైరం లేదని మిషను తొలినాళ్లలోనే తెలుసు. 1935లో అమెరికాలో క్రైస్తవ సహవాసాల ప్రభావంతో పుట్టిన, తాగుడు మానదలచినవారి బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా పరస్పర సాక్ష్యం మీదే నడుస్తుంది, మన కాటేజ్ ప్రేయర్‌కు అది దగ్గరి చుట్టమే.

భర్త తాగి కొడుతుంటే ‘ఓర్చుకో అమ్మా, ప్రార్థించు’ అని మాత్రమే చెప్పి పంపడం పాపంలో పాలుపంచుకోవడమే. ఆమె ఉపవాసం ఉంటుంది, అతను తాగుతాడు. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005 ఆమెకు అండగా ఉంది. సంఘ పెద్దలు ఆమెతో పాటు వెళ్లి నిలబడాలి.

మత్తు మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోను నంబరు 14446, మానసిక వేదనకు టెలి మానస్ 14416, ఆపదలో ఉన్న స్త్రీలకు 181. పాస్టరు గార్లూ సంఘ పెద్దలూ ఈ మూడు నంబర్లను మందిరం నోటీసు బోర్డు మీద, ఆరాధన వేళల పక్కనే, పెద్ద అక్షరాలతో రాయించాలి.